టాంజానియా పల్లె ఆసుపత్రికి సోలార్ పెట్టడం ఎలా? ముందు బ్యాటరీ సంగతి చూడండి

టాంజానియాలో ఊళ్లో ఉండే చిన్న ప్రభుత్వ ఆసుపత్రిని జహనాతి అంటారు. మూడు నాలుగు గదులు, ఒకరిద్దరు సిబ్బంది, ఒక పురుటి గది. దార్ ఎస్ సలామ్‌లో, మ్వాన్జాలో ఉద్యోగాలూ వ్యాపారాలూ చేసుకునే మనవాళ్లు చందాలు వేసుకుని ఇలాంటి చోట సోలార్ పెట్టించాలని అడుగుతుంటారు. చాలా మంచి పని. కానీ చాలాచోట్ల నాకు కనబడేది ఒకటే. కప్పు మీద ప్యానెళ్లు మెరుస్తుంటాయి, గోడ మీద దాతల పేర్ల బోర్డు ఉంటుంది, లోపల మాత్రం నర్సు ఫోన్ టార్చి నోట కరుచుకుని పురుడు పోస్తుంటుంది. ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. ముందు పోయేది బ్యాటరీ. దాన్ని లెక్క ప్రకారం కొనడం, సరిగ్గా వాడడం, మార్చే నాటికి డబ్బు సిద్ధంగా ఉంచడం, అసలు పని అంతా ఈ మూడింట్లోనే ఉంది. మిగతాది అక్కడి ఫుండి, అంటే మెకానిక్, ఎవరైనా ఒకటి రెండు రోజుల్లో చేసిపెడతాడు.

మొదట: లైన్ వస్తుందా, అనుమతి ఉందా

ప్రభుత్వ లెక్క ప్రకారం దాదాపు అన్ని ఊళ్లకూ కరెంటు లైన్ చేరింది. అయితే ఊళ్ల కింద ఉండే శివారు పల్లెలు 64 వేలకు పైగా ఉన్నాయి, వాటిలో చాలావాటికి పని ఇంకా నడుస్తోంది. విక్టోరియా సరస్సులోని దీవుల సంగతి సరేసరి. కాబట్టి దగ్గర్లోని టానెస్కో, అంటే అక్కడి ప్రభుత్వ కరెంటు సంస్థ, ఆఫీసులో ముందు అడగండి. ఏడాదిలోపు లైన్ వచ్చేట్టుంటే చిన్న బ్యాకప్ చాలు, పెద్ద ఖర్చు వద్దు.

జిల్లా వైద్యాధికారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఊరి సభలో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఈ సభ ఎగ్గొట్టి నేరుగా లారీ దింపేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఊరు అడగకుండా వచ్చిన వస్తువు చెడిపోతే బాగుచేసే బాధ్యత ఎవరూ నెత్తిన వేసుకోరు.

సామాను

600 వాట్ల ప్యానెళ్లు, 30 యాంపుల ఎంపీపీటీ రకం ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టె), ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్, బ్యాటరీలు, ఫ్యూజులు, రాగి కేబుల్, ఎల్‌ఈడీ బల్బులు. సిస్టమ్ 24 వోల్టులదే పెట్టండి. 12 వోల్టులతో అయితే అదే లోడుకు రెట్టింపు కరెంటు పారుతుంది, లావు కేబుల్ కావాలి, జాయింట్లు వేడెక్కుతాయి. అల్యూమినియం వైరు వద్దే వద్దు.

డీజిల్ జనరేటర్ చాలు కదా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వానాకాలంలో బురద దారిలో డీజిల్ డబ్బా మోటార్ సైకిల్ మీద తెచ్చుకునే ఊళ్లో, ఆ డబ్బా అయిపోయిన రాత్రే పురుడు వస్తే ఏం చేస్తారు? జనరేటర్ కొనేటప్పుడు చవక, నడిపేటప్పుడు ఖర్చు. సోలార్‌ది దీనికి తలకిందులు.

లోడు లెక్క

కాగితం తీసుకుని నర్సు పక్కన కూర్చోండి. ఏ దీపం ఎన్ని గంటలు వెలగాలో ఆమెకే తెలుసు. ఒక మామూలు జహనాతికి నేను వేసే లెక్క ఇది: గదుల్లో 7 వాట్ల బల్బులు ఆరు, రోజుకు 5 గంటలు, 210 వాట్-అవర్లు. పురుటి గదిలో 12 వాట్లవి రెండు, 10 గంటలు, 240. బయటి దీపాలు 10 వాట్లవి రెండు, రాత్రంతా, 240. ల్యాప్‌టాప్ 200, ఫోన్లు 100, సక్షన్ మెషిన్ 50, నర్సు ఇంటి దీపాలు 100. మొత్తం 1,140. ఇన్వర్టర్ తినేది, రేపు పెరిగేది కలిపి 30 శాతం వేస్తే దాదాపు 1,500.

నర్సు ఇంటి దీపాలు తీసేయమని దాతలు చెబుతారు. తీయకండి. ఆమె ఇంట్లో చీకటైతే ఆమె ఆ ఊళ్లో నిలవదు.

వ్యాక్సిన్ ఫ్రిజ్‌ను ఈ లెక్కలో కలపొద్దు. దానికి సొంత ప్యానెళ్లతో నడిచే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం ఉన్న ఫ్రిజ్ విడిగా ఉండాలి. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన మందు అది. ఎవరో టీవీ ఎక్కువసేపు చూశారని అది పాడవకూడదు. పరికరాలు ఉడకబెట్టే స్టెరిలైజర్ గ్యాస్ మీద నడవాలి. ఇస్త్రీ పెట్టె, కెటిల్, హీటర్, వేడి చేసేది ఏదైనా సరే, ఈ సిస్టమ్‌కు తగిలించకూడదు.

ప్యానెళ్లు

మన దగ్గర ప్యానెల్ దక్షిణానికి తిప్పుతాం. టాంజానియా భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ ఉత్తరానికి తిప్పాలి. ఇండియా నుంచి కొత్తగా వెళ్లినవాళ్లకు ఈ ముక్క గట్టిగా చెప్పాలి. వాలు 15 డిగ్రీలు ఉంచండి. అంతకన్నా చదునుగా పెడితే దుమ్ము వానకు జారదు. మామిడి కొమ్మ నీడ ఒక్క మూల పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది. దొంగల భయం ఉన్నచోట బోల్టులు వెల్డింగ్ చేయించండి. అంతే.

బ్యాటరీ: ఇక్కడ తొందరపడొద్దు

మార్చి నుంచి మే దాకా పడే పెద్ద వానల్ని మసికా అంటారు. లెక్క ఆ నెలలకు వేయాలి, ఎండలు దంచే నెలలకు కాదు. మసికాలో రోజుకు నాలుగు గంటల మంచి ఎండ దొరుకుతుందనుకుని, నష్టాలు పోను 65 శాతం చేతికొస్తుందనుకుంటే, ఒక్కో వాటు ప్యానెల్‌కు రోజుకు 2.6 వాట్-అవర్లు వస్తాయి. 1,500ను 2.6తో భాగిస్తే 577. అందుకే 600 వాట్ల ప్యానెల్.

ఎండే లేని రోజులు రెండు వరసగా వస్తే? 3,000 వాట్-అవర్లు బ్యాటరీలో ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేయకూడదు. అంటే 6,000 కావాలి, 24 వోల్టుల దగ్గర 250 ఆంపియర్-అవర్లు. 12 వోల్టులవి రెండు, ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో. చిన్నవి నాలుగైదు తెచ్చి ప్యారలల్‌లో కలపొద్దు, అందులో బలహీనమైనది మిగతావాటినీ లాగేస్తుంది. పాతదానితో కొత్తది జత చేయడం కూడా ఇలాంటి తప్పే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 శాతం వాడుకోవచ్చు, దాదాపు 160 ఆంపియర్-అవర్లు సరిపోతుంది. డబ్బు ఉంటే అదే కొనండి.

లారీ బ్యాటరీ మాత్రం కొనొద్దు. షాపులో అదే చవక, అదే సులువుగా దొరుకుతుంది, ఫుండి కూడా పర్లేదంటాడు. దాని ప్లేట్లు పల్చన, ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఒక్క క్షణం గట్టిగా కరెంటు ఇవ్వడం కోసం చేసినవి. రోజూ రాత్రి సగం ఖాళీ అవడం వాటి వల్ల కాదు.

వేడి ఇంకో శత్రువు. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుంది. రేకుల కప్పు కింద, కిటికీ లేని స్టోర్ గదిలో పెడితే ఏమవుతుందో మీరే లెక్కేసుకోండి. నీడ పట్టున, చెక్క స్టాండు మీద, కిందా పైనా గాలి కన్నాలున్న చోట పెట్టాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి దగ్గర్లో దీపం, పొయ్యి, సిగరెట్ ఏవీ ఉండకూడదు. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటర్ తప్ప బోరు నీళ్లు చుక్క కూడా పోయొద్దు.

కలిపే వరస మారకూడదు. ముందు బ్యాటరీని కంట్రోలర్‌కు కలపండి. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సెట్ చేయండి: నీళ్ల రకమా, ఏజీఎమ్మా, జెల్లా, లిథియమా. ఈ ఒక్క మెనూ చూడకుండా వదిలేసి బ్యాటరీని ఉడికించినవాళ్లు చాలామంది. తర్వాత లోడు, చివర ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ పక్కనే ఫ్యూజ్ ఉండాలి, మీటర్ దూరంలో కాదు.

ఇక అందరూ బోల్తా పడే చోటు. ఇన్వర్టర్ బ్యాటరీకి నేరుగా కలుస్తుంది, కాబట్టి కంట్రోలర్‌లోని కటాఫ్, అంటే బ్యాటరీ బాగా దిగితే కరెంటు ఆపేసే ఏర్పాటు, దాన్ని ఆపలేదు. ఇన్వర్టర్‌కు సొంత కటాఫ్ ఉంటుంది, కానీ చాలావాటిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే అది 21 వోల్టుల దగ్గర ఉంటుంది. అక్కడిదాకా లాగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ అప్పటికే పూర్తిగా పిండేసినట్టు. లెడ్ యాసిడ్‌కు దాన్ని 23.5 దగ్గరికి పెంచండి. లిథియం అయితే బ్యాటరీ కంపెనీ చెప్పిన అంకె పెట్టండి. మార్చే వీలు లేని ఇన్వర్టర్‌ను కొననే కొనొద్దు, ఎంత చవకగా వచ్చినా.

దొంగ కనెక్షన్ ఇంకోటి. ఆగిపోయిన సిస్టమ్ చూడ్డానికి వెళ్తే ముందు బ్యాటరీ నెత్తి చూడండి. టెర్మినళ్ల మీద పచ్చటి పొడి, దానిమీద రెండు మొసలి క్లిప్పులు, వాటి నుంచి సన్నటి వైరు కిటికీ సందులోంచి పక్క దుకాణానికి. అక్కడ ఫోన్లు ఛార్జ్ అవుతుంటాయి. ఆ క్లిప్పులకు కంట్రోలరూ లేదు, కటాఫూ లేదు. దుకాణదారుణ్ని తిట్టి లాభం లేదు, ఊళ్లో ఫోన్ ఛార్జింగ్ అవసరం నిజమే. బ్యాటరీ పెట్టెకు తాళం వేయండి, ఫోన్లకు విడిగా ఒక బోర్డు పెట్టించండి, దాన్ని పగలు ఎండ ఉన్నప్పుడే నడపండి.

బ్యాటరీ డబ్బు

ఆ బోర్డు దగ్గర ఫోన్‌కు ఇంత అని తీసుకునేదే బ్యాటరీ నిధి. బ్యాటరీ నాలుగేళ్లు వస్తుందనుకుంటే కొత్తదాని ధరను 48తో భాగించండి, నెలనెలా అంత జమ కావాలి. డబ్బు మొబైల్ మనీలో పడాలి, డబ్బాలో కాదు. ఫోన్‌తోనే డబ్బు పంపుకునే ఎంపెసా టాంజానియాలో 2008 నుంచి ఉంది, పల్లెల్లో దాన్ని వాడడం తెలిసినవాళ్లు బోలెడుమంది. ఊరి కమిటీ పేరున ఖాతా, తీయడానికి ఇద్దరి ఒప్పుదల, ప్రతి సభలో లెక్క గట్టిగా చదవడం. ఈ ఏర్పాటు పూర్తయ్యేదాకా నేను బ్యాటరీ లారీ ఎక్కించను.

2025 జనవరిలో దార్ ఎస్ సలామ్‌లోనే ఆఫ్రికా దేశాధినేతలు కూర్చుని, 2030 కల్లా 30 కోట్ల మందికి కరెంటు ఇవ్వాలన్న లక్ష్యం మీద మాట్లాడారు. గొప్ప లక్ష్యం. కానీ కనెక్షన్ ఇచ్చిన రోజుతో లెక్క ముగించకుండా, నాలుగో ఏడు కూడా వెలుగుతున్నదాన్నే లెక్కలో ఉంచాలని నా కోరిక.

అప్పగింత

రాజస్థాన్ తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ ఆఫ్రికా పల్లెల నుంచి నడివయసు ఆడవాళ్లను, అమ్మమ్మలను పిలిపించి సోలార్ పని నేర్పింది. కుర్రాళ్లకు నేర్పితే పట్నం పోతారు, వీళ్లు ఊళ్లోనే ఉంటారన్నది వాళ్ల లెక్క. నేనూ అదే పాటిస్తాను. ఊళ్లో పాతుకుపోయిన ఇద్దరు ఆడవాళ్లకు నేర్పండి. ప్యానెల్ తుడవడం, టెర్మినల్ బిగించి గ్రీజు రాయడం, పొద్దున్నే వోల్టేజ్ చూసి గోడ మీది చార్టులో రాయడం, అన్నీ స్వాహిలీలో, బొమ్మలతో. పొద్దున పూట ఇంకా ఎండ తగలకముందు 24.2 కన్నా తక్కువ వరసగా మూడు రోజులు కనిపిస్తే బయటి దీపాలు ఆపేసి ఫుండికి ఫోన్ చేయాలి. ఈ అంకె లెడ్ యాసిడ్‌కు మాత్రమే, లిథియం అయితే వోల్టేజ్ బదులు దాని మీటర్‌లో చూపించే శాతం రాయించండి.

పాత బ్యాటరీని ఆసుపత్రి వెనక పడేయనివ్వకండి. అందులో సీసం, యాసిడ్ ఉంటాయి, పిల్లలు అక్కడే ఆడుకుంటారు. కొత్తది కొనే షాపుకే పాతది తీసుకెళ్తే సీసానికి ధర కడతారు. కొనకముందే ఆ ధర మాట్లాడుకుని, వచ్చిన డబ్బు నిధిలో కలిపి రసీదు చార్టు పక్కన అంటించండి.