బీచ్ ఊళ్ళో గెస్ట్ హౌస్: మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎలా నడపాలి

చీరాల వాడరేవు, బాపట్ల సూర్యలంక వైపు చిన్న గెస్ట్ హౌస్ పెడదాం అనుకునేవాళ్ళు ముందు రూం రేటు ఎంత పెట్టాలి అని అడుగుతారు. నేనైతే ముందు క్యాలెండర్లో ఏప్రిల్ 15 చుట్టూ గుండ్రంగా గీయమంటాను. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తూర్పు తీరంలో వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే టైం అని మర పడవలు, ఇంజన్ బోట్లు ఏవీ కదలనివ్వరు. ఈ తేదీకి ముందు ఒకలా, తర్వాత ఇంకోలా నడపాలి.

మార్చిలో టెన్త్, ఇంటర్ పరీక్షలు కాబట్టి మామూలు రోజుల్లో ఫ్యామిలీలు రావు, శని ఆదివారాలే గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ నుంచి వస్తారు. ఖాళీగా ఉందని దిగులు పడకండి, ఏడాది రిపేర్లన్నీ సోమవారం నుంచి గురువారం లోపు ఇప్పుడే చేయించుకోవాలి. ఉప్పు గాలి ఇనుముని బతకనివ్వదు, తలుపు బందులు, గడియలు, బాత్రూం కొక్కేలు స్టీలువో ఇత్తడివో మార్చేయండి, కిటికీలు యూపీవీసీవి (తుప్పు పట్టని గట్టి ప్లాస్టిక్) అయితే ఇంకా మంచిది. ఏసీ బయటి యూనిట్ మెయిన్ ఆఫ్ చేసి మంచినీళ్ళతో కడిగిస్తూ ఉండాలి, లేకపోతే మే నెల ఎండలో గెస్టులు ఉన్నప్పుడే ఆగిపోద్ది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే దుప్పట్లు అందులో ఉతికించకండి, సబ్బు నురగ రాదు, బట్ట బిరుసెక్కిపోద్ది, కాస్త ఖర్చయినా చీరాల పంపించి ఉతికించడమే నయం. రిపేరుతో పాటు ఇంకో గది వేసేద్దాం అనుకుంటే మాత్రం ఆగండి, పోటు నీళ్ళు వచ్చే గీత నుంచి 500 మీటర్ల లోపల సీఆర్‌జెడ్ రూల్స్ (తీరంలో కట్టడాల మీద ఆంక్షలు) ఉంటాయి, పర్మిషన్ చేతికొచ్చాకే పునాది తీయాలి.

ఇక చేపలు. మన దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది తిండి కోసమే వస్తారండీ, దీంట్లో దాపరికం అస్సలు పనికిరాదు. ఏప్రిల్ 14 దాకా పొద్దున్నే ఒడ్డుకెళ్ళి పడవ రాగానే వేలంపాటలో వంజరమో, చందువలో, కానాగంతలో కొనుక్కోవచ్చు, ఇష్టమున్న గెస్టుల్ని కూడా తీసుకెళ్ళండి, పిల్లలు భలే సరదా పడతారు. నిషేధం మొదలయ్యాక ఇంజన్ లేని తెప్పల మీద తెచ్చేది కొంచెమే, అది కూడా రేటు మండిపోద్ది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గానీ మొదలవదు కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో అటువైపు చేప ఐసులో వస్తది, దాన్ని పొద్దున పట్టిందే అని చెప్పి పెట్టొద్దు. బుకింగ్ ఫోన్లోనే చెప్పేయండి, ఇప్పుడు సముద్రం చేప తక్కువండీ, చెరువు రొయ్యలు, పండుగప్ప, పీతలు అయితే బాగుంటాయి అని. నిజం చెప్పిన చోటికే జనం మళ్ళీ వస్తారు. మామిడికాయ వేసి ఎండు నెత్తళ్ళ పులుసు పెట్టండి, సిటీ వాళ్ళు రెసిపీ అడిగి మరీ వెళ్తారు.

నిషేధం టైంలో ఊళ్ళో వేటకెళ్ళే వాళ్ళకి పనుండదు. 2025లో ప్రభుత్వం భృతి 20 వేలకి పెంచింది, కానీ ఒక కుటుంబానికి రెండు నెలలు అంటే ఎక్కడ సరిపోద్ది. అందుకే ఆ రెండు నెలలు వాళ్ళలో ఇద్దరిని జీతానికి పెట్టుకోండి, పొద్దున సాయంత్రం గెస్టులు స్నానానికి దిగేటప్పుడు ఒడ్డున ఉండటానికి. నీళ్ళు ఎక్కడ లోపలికి లాగుతున్నాయో వాళ్ళకి చూడగానే తెలుస్తది, మనకి తెలియదు. మందు తాగినవాళ్ళని, చీకటి పడ్డాక ఎవర్నీ దిగనివ్వకండి, గొడవ పడినా సరే, రివ్యూ చెడ్డగా రాసినా సరే. లాగేస్తుంటే ఎదురు ఈదకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలని గది ఇచ్చేటప్పుడే చెప్పండి, గోడ మీద బోర్డు పెడితే ఎవరూ చదవరు.

ఇదే నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి. ఎక్కువగా రాత్రిపూటే వస్తాయి, వెలుతురున్న వైపే సముద్రం అనుకుని పాకుతాయి, అందుకని బీచ్ వైపు ఫ్లడ్ లైట్లు, సీరియల్ లైట్లు రాత్రి ఆపేయండి, కావాలంటే నేలకి దగ్గరగా చిన్న ఎర్ర లైటు పెట్టుకోవచ్చు. కనిపిస్తే సెల్ఫీ కోసం చేతిలోకి తీసుకోనివ్వకండి, ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చేయండి.

రిజిస్టర్లో పెద్దవాళ్ళందరి ఐడీ కాపీ ఉండాలి. అమెరికా నుంచి సెలవులకొచ్చిన మనవళ్ళలాంటి వాళ్ళకి విదేశీ పాస్‌పోర్ట్ ఉంటే 24 గంటల్లోపు ఆన్‌లైన్లో వాళ్ళ వివరాలు ప్రభుత్వానికి పంపాలి (ఇదివరకు దీన్ని ఫారం సి అనేవాళ్ళు), మనవాళ్ళే కదా అని వదిలేయకూడదు. ఉగాది, శ్రీరామనవమి వారాలకి, మే నెలకి సగం అడ్వాన్స్ తీసుకోండి, మిగతా రోజుల్లో అడ్వాన్స్ అడిగితే ఫోన్ పెట్టేస్తారు. రేటు పెంచేది ఉంటే స్కూళ్ళకి సెలవులిచ్చాకే పెంచండి, ఈలోపు ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు చూసుకోండి.