గడప దాటని పిల్లికీ హార్ట్‌వార్మ్ మందు: ఎందుకు, ఎలా వేయాలి

అమెరికాలో హ్యూస్టన్ లాంటి గల్ఫ్ తీరం ఊళ్లలో పిల్లిని పెంచుకునే తెలుగువాళ్లలో చాలామంది "మాది ఇంట్లోనే ఉంటుంది, దానికి ఈ మందెందుకు" అనుకుంటారు. హార్ట్‌వార్మ్ అంటే గుండెలోనూ ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనూ చేరే పురుగు. ఈ జబ్బును మోసుకొచ్చేది దోమ. తలుపు తీసినప్పుడు ఒక్కటి లోపలికి దూరినా చాలు.

జబ్బున్న కుక్కనో, నక్కలాంటి కయోటీనో కుట్టిన దోమ ఒంట్లో ఈ పురుగు పిల్లలు పెరుగుతాయి. ఎండాకాలపు వేడికి రెండు వారాల్లోనే ఇంకో జంతువుకు అంటుకునే దశకు వస్తాయి. పిల్లి ఒంట్లోకి చేరాక మూడు నాలుగు నెలలకు ఊపిరితిత్తుల రక్తనాళాల్లోకి వెళ్తాయి. చాలావరకు అక్కడే చచ్చిపోతాయి, కానీ ఆ చావే ఊపిరితిత్తులను వాచేలా చేస్తుంది. దగ్గు, ఆయాసం వస్తాయి, చూసినవాళ్లు ఉబ్బసం అనుకుంటారు. బతికి పెద్దవయ్యేవి సాధారణంగా ఒకటో రెండో, మహా అయితే మూడో. అందులో ఒక్కటి చచ్చినా పిల్లి ఉన్నట్టుండి ప్రాణం విడవచ్చు. పెద్ద పురుగుల్ని చంపడానికి కుక్కలకిచ్చే మెలార్సొమిన్ పిల్లికి విషం. అందుకే ముందుజాగ్రత్త తప్ప వేరే దారి లేదు.

మందు వెట్ చీటీ మీదే దొరుకుతుంది. చర్మం మీద వేసే సెలమెక్టిన్ చుక్కల మందును 8 వారాల వయసు నుంచి వేయవచ్చు. 5 పౌండ్ల వరకు 15 మిల్లీగ్రాముల ట్యూబు, ఆపైన 15 పౌండ్ల వరకు 45 మిల్లీగ్రాములది. బరువు తెలియాలంటే పిల్లిని ఎత్తుకుని మిషనెక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కి తేడా చూడండి. కుక్కల ట్యూబును సగం చేసి వాడొద్దు: పిల్లుల సెలమెక్టిన్ మిల్లీలీటరుకు 60 మిల్లీగ్రాములు, కుక్కలది 120. ఇక గోమార్లను చంపే పెర్‌మెత్రిన్ ఉన్న కుక్కల మందైతే పిల్లికి వణుకు, ఫిట్స్ తెప్పించి చంపేస్తుంది. ఇంట్లో కుక్క కూడా ఉంటే దాని మందేమిటో వెట్‌కు చెప్పండి.

వేసేచోటు మెడ వెనక, జబ్బల ఎముకలకు కాస్త ముందు. అక్కడికి నాలుక అందదు. వెంట్రుకలు రెండు పక్కలకూ పాయ తీసి చర్మం కనబడ్డాక, ట్యూబు మొన ఆనించి మొత్తం ఒకేచోట పిండండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: మందు బొచ్చు మీద పడితే చర్మంలోకి ఇంకదు, జారిపోతుంది. తడి ఒంటి మీద వేయొద్దు, రుద్దొద్దు, రెండు గంటల దాకా స్నానం వద్దు. ఎలాగో నాకేసిందంటే చేదుకి చొంగ కారుస్తుంది.

నెలనెలా ఒకే తేదీన, చలికాలంలోనూ ఆపకుండా వేయాలి. మందు ఆ ముందు నెలలో ఎక్కిన పిల్లపురుగుల్నే చంపుతుంది, ముదిరినవాటి మీద దానికి పట్టు లేదు. ఓ తేదీ తప్పిపోతే గుర్తొచ్చిన రోజే వేసి, అక్కణ్నుంచి నెల లెక్క మొదలుపెట్టండి. రెండు మూడు నెలలు తప్పితే వెట్‌ను అడగండి. జబ్బుందో లేదో చూసే రక్తపరీక్షల్లో, పురుగు నుంచి వచ్చే పదార్థాన్ని వెతికే యాంటిజెన్ పరీక్ష పట్టేది పెద్ద ఆడ పురుగుల్నే, కాబట్టి అది నెగటివ్ వచ్చినా జబ్బు లేదని కాదు. పురుగు మీద పిల్లి ఒళ్లు తయారుచేసుకునే రక్షక పదార్థాల్ని వెతికే యాంటీబాడీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే కూడా కలిపి చూడాలి.

దగ్గు, తిండితో సంబంధం లేని వాంతులు, చిక్కిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. నిద్రపోతున్నప్పుడు పిల్లి ఊపిర్లు నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 దాటుతుంటే వెట్‌కు ఫోన్ చేయండి. నోరు తెరిచి రొప్పుతుంటే రాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.