గవ్వల చెక్క మీద ఇటలీ ఆదివారం: పదిమందికి ఇంట్లోనే వండి పెట్టడం ఎలా

ఇటలీ భోజనం అనగానే పాస్తా ప్యాకెట్ కోసం నెల్లూరు సూపర్ మార్కెట్లకి పరిగెత్తకండి. ముందు మీ అటక మీద చూడండి, సంక్రాంతికి దించి మళ్ళీ ఎక్కించేసిన గవ్వల చెక్క అక్కడే ఉంటుంది. దక్షిణ ఇటలీ ఇళ్ళల్లో చేత్తో చేసే కావతెల్లి అనే పాస్తా అచ్చం మన గవ్వే. చిన్న పిండి ముక్కని వేలితో నొక్కి లాగితే లోపలికి ముడుచుకుంటుంది. మనం దాన్ని నూనెలో వేయించి బెల్లం పాకంలో వేస్తాం, వాళ్ళు ఉప్పు నీళ్ళలో ఉడికించి టమాటా కూరలో కలుపుతారు, అంతే తేడా. సార్డీనియా దీవిలో మల్లొరెద్దుస్ అని చేస్తారు, వాటికి గీతలు కూడా ఉంటాయి, మన గవ్వల పక్కన పోస్తే ఏవి ఎవరివో చెప్పడం కష్టం.

మాది కావలి. మా చెల్లెలు ఇటలీలో బారీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్ళో రెండేళ్ళు చదువుకుంది. ఆ ఊరి పాతపేట సందుల్లో ఆడవాళ్ళు గుమ్మం ముందు బల్లలు వేసుకుని, చిన్న చెవుల్లాంటి పాస్తా చేస్తూ, ఆరబెడుతూ, దారిన పోయేవాళ్ళతో మాట్లాడుతూ కూర్చుంటారు. మన ఊళ్ళల్లో అరుగుల మీద అప్పడాలు, వడియాలు పెట్టుకున్నట్టే. దాని ఇంటి ఓనరు పెద్దావిడ ఆదివారం అయితే చాలు పిలిచి కూర్చోబెట్టేదట, పరాయి దేశం పిల్ల ఒక్కతే గదిలో తింటుంటే ఆమెకి ముద్ద దిగేది కాదట. చెల్లెలు అక్కడ నేర్చుకున్నది ఇక్కడికొచ్చి నాకు నేర్పింది. నాలుగేళ్ళుగా రెండు నెలలకోసారి మా ఇంట్లో చేస్తున్నాను, కార్తీకమాసం వదిలేసి. అందుకని ఇక్కడ రాసేదంతా మన గ్యాస్ పొయ్యి మీద, మన బజారు సరుకుతో చేసి చూసిందే.

ముందు వాళ్ళ ఆదివారం ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతాది తేలిక. దక్షిణ ఇటలీలో నేపుల్స్ అనే ఊరి వైపు రగు అని చేస్తారు, అంటే మాంసం ముక్కల్ని టమాటాలో గంటల తరబడి సన్న సెగ మీద ఉడికించిన కూర. కొన్ని ఇళ్ళల్లో శనివారం రాత్రే పొయ్యి మీద పెట్టేస్తారు. పైన అక్కడొక బుడగ ఇక్కడొక బుడగ లేస్తూ ‘పిప్ పిప్’ మనాలి, ఆ చప్పుడుకి వాళ్ళ యాసలో ‘పిప్పియారె’ అని మాటే ఉంది. వడ్డించేటప్పుడు ఆ కూరలోని గుజ్జుని మాత్రం పాస్తాకి పట్టించి ముందు పెడతారు, ముక్కల్ని విడిగా తీసి రెండో వరసలో వడ్డిస్తారు. ఒక్క గిన్నెలోంచి రెండు వరసలు. వచ్చేవాళ్ళు ఊరికే రారు, మిఠాయి కొట్లో చిన్న చిన్న తీపి ముక్కలు ట్రేలో కట్టించుకుని తెస్తారు. కాబట్టి మీ వాళ్ళని ‘ఏం తెమ్మంటావు’ అని అడగనివ్వండి, మలై కాజా తెమ్మని చెప్పండి, తీపి సంగతి అక్కడితో తీరిపోతుంది.

పదిమందికి సరుకు ఇది. ఎముకతో పొట్టేలు మాంసం కిలోన్నర, బాగా పండిన టమాటాలు మూడు కిలోలు, ఉల్లిపాయలు పావుకిలో పైన, ఒక క్యారెట్, నూనె చిన్న గ్లాసుడు, మిరియాలు, రెండు బిర్యానీ ఆకులు. గవ్వలకి బొంబాయి రవ్వ ముప్పావు కిలో, మైదా పావు కిలో. రొట్టె ముక్కల కోసం బేకరీ బ్రెడ్ ఒకటి, వెల్లుల్లి, ఎండుమిర్చి. వాళ్ళ వంట రాతల్లో కొలత చెప్పలేని చోటల్లా ‘క్వాంతో బాస్తా’ అని ఉంటుంది, మనం ‘తగినంత’ అని రాసుకునేదే. ఉప్పు, మిరియాలు అలా తగినంత.

మాంసం గురించి ఒక మాట. నేపుల్స్‌లో పందిమాంసం, ఎద్దుమాంసం వేస్తారు, కానీ బారీ ఉన్న పూల్యా ప్రాంతంలోనూ, దాని పైనున్న అబ్రుత్సోలోనూ గొర్రెపిల్ల మాంసంతో రగు చేసుకోవడం మామూలే. నెల్లూరు పొట్టేలు జాతికి దేశంలోనే పేరుంది, మనకి అంతకంటే ఏం కావాలి. తొడ ముక్కలు, మెడ ముక్కలు కలిపి, మామూలు కూరకి కొట్టించే దానికి రెట్టింపు సైజులో కొట్టించండి. చిన్న ముక్కలైతే మూడు గంటల్లో కరిగిపోతాయి, రెండో వరసలో వడ్డించడానికి ఏమీ మిగలదు.

శనివారం సాయంత్రం మొదలుపెట్టండి. అడుగు మందంగా ఉన్న తపేలా పెట్టి నూనె పోసి, ముక్కల్ని తడి లేకుండా తుడిచి కొన్ని కొన్నిగా వేసి, ముదురు గోధుమ రంగు వచ్చేదాకా అన్ని వైపులా ఎర్రగా వేయించి పక్కకి తీయండి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎంత ఉడికించినా ఆ రుచి రాదు. మనం అల్లం వెల్లుల్లితో పోగొట్టే నీచు వాసన ఈ వంటలో వేయించడంతోనే పోవాలి. అదే నూనెలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, తురిమిన క్యారెట్ వేసి సిమ్‌లో ఇరవై నిమిషాలు, మాడకుండా, మెత్తబడేదాకా. ముక్కల్ని మళ్ళీ వేసి, టమాటా గుజ్జు పోసి, ఆకులు, మిరియాలు, సగం ఉప్పు వేసి, మూత కొంచెం ఓరగా పెట్టి, ఉన్నవాటిలో చిన్న బర్నర్ మీదకి మార్చేయండి. ఇక మూడు గంటలు. మధ్యలో పావుగంటకోసారి అడుగంటకుండా కలపాలి, ఉదయగిరి చెక్క గరిటె ఉంటే దానంత మంచిది ఇంకోటి లేదు, అడుగు గీరుకోదు, చెయ్యి కాలదు. నూనె పైకి తేలి, గుజ్జు ముదురు ఎరుపు తిరిగి, గరిటెతో గీత గీస్తే రెండు క్షణాలు ఆగి కలుసుకుంటే అయినట్టు.

టమాటా విషయంలో మాత్రం జాగ్రత్త. మన నాటు టమాటా పప్పుకి, రసానికి బ్రహ్మాండం, దీనికి పులుపు ఎక్కువ. కోలగా, గట్టిగా, లోపల నీళ్ళు తక్కువుండే రకం ఏరుకోండి. వాళ్ళు ఇష్టపడే సాన్ మార్జానో రకం కూడా కోలగానే ఉంటుంది, వెసూవియస్ అగ్నిపర్వతం దగ్గర నేలల్లో పండుతుంది. కాయల్ని రెండు నిమిషాలు వేడినీళ్ళలో వేసి తొక్క తీసి చేత్తో నలపండి, మిక్సీలో వేస్తే గింజలు నలిగి కొంచెం చేదు దిగుతుంది. దక్షిణ ఇటలీలో ఆగస్టులో ఇంటిల్లిపాదీ కూడి ఏడాదికి సరిపడా టమాటా గుజ్జు సీసాల్లో పట్టుకుంటారు, మనకి ఆవకాయ రోజు ఎలాగో వాళ్ళకి అదలాగ, ఆ రోజు పిల్లలకి కూడా పని ఉంటుంది. మనం అంత పని పెట్టుకోనక్కర్లేదు, టమాటా చవకైనప్పుడు గుజ్జు ఉడికించి డబ్బాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టుకుంటే చాలు.

కుక్కర్లో చేయొచ్చా అని అందరూ అడుగుతారు. ముక్క ఉడుకుతుంది కానీ కూర తయారవదు, ఎందుకంటే కుక్కర్లోంచి నీరు బయటికి పోదు, టమాటా చిక్కబడదు, పచ్చి పులుపు అలాగే ఉంటుంది. గ్యాస్ గురించి టెన్షన్ ఉంటే, వేయించిన ముక్కల్ని మాత్రం రెండు విజిల్స్ రానిచ్చి, ఆ నీళ్ళతో సహా తపేలాలోకి వంచి గంటన్నర ఉడికించండి. ఇది నేను చాలాసార్లు చేసిన పని, తేడా ఉంటుంది, మరీ ఎక్కువ కాదు.

ఆదివారం పొద్దున పిండి. బొంబాయి రవ్వని మిక్సీలో మెత్తగా పట్టి మైదాతో కలిపి, గోరువెచ్చని నీళ్ళు నాలుగొందల యాభై మిల్లీలీటర్లు కొలిచి పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా పోయండి. గుడ్డు వద్దు. గుడ్డు పాస్తా ఉత్తరాన బొలోన్యా వైపు పద్ధతి, వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు కొడతారు, దక్షిణాదిన రవ్వలాంటి గట్టి గోధుమ పిండి, నీళ్ళు, అంతే. పూరీ పిండి కంటే గట్టిగా ఉండాలి. మొదట్లో విరిగిపోతున్నట్టు, ఇంక నీళ్ళు పోయాల్సిందే అన్నట్టు ఉంటుంది, పోయకండి, పది నిమిషాలు అరచేత్తో నొక్కి పిసికితే రవ్వ నీళ్ళు పీల్చుకుని నున్నగా వస్తుంది, వేలితో నొక్కితే చెవి తమ్మెలా అనిపించాలి. తడిగుడ్డ కప్పి అరగంట వదిలేయండి. మొదటిసారి నేను తొందరపడి నీళ్ళు ఎక్కువ పోశాను, గవ్వలు చెక్కకి అంటుకుపోయాయి, పొడి పిండి చల్లి ఎలాగో చేస్తే ఉడికాక జిగురు జిగురుగా అయ్యాయి, వచ్చిన బంధువులు మూడింటిదాకా ఆకలితో కూర్చున్నారు. వాళ్ళేమీ అనలేదు, నాకు మాత్రం ఇప్పటికీ బాధే.

ఇక్కడినుంచి పని మీ ఒక్కరిది కాకూడదు, ఇది గట్టిగా చెబుతున్నాను. తొమ్మిదింటికల్లా చాప పరిచి, మధ్యలో పిండి పెట్టి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు కూర్చోబెట్టండి. చిటికెన వేలు లావున తాడులా చుట్టి, చిన్న ఉసిరికాయ గింజంత ముక్కలు కోసి, చెక్క మీద బొటనవేలితో నొక్కి తోయాలి. చెక్క చాలకపోతే ఫోర్కు వెనకవైపు, కొత్త దువ్వెన. మా అత్తకి ఇటలీ పేరు నోరు తిరగదు కానీ ఆమె చేసినంత వేగంగా, సమానంగా మాలో ఎవరూ చేయలేరు, మొదటి రోజే ఆమె ముందు పళ్ళెం నిండిపోయింది. కిలో పిండికి నలుగురు కూర్చుంటే రెండు గంటలు. ఆ రెండు గంటల్లో మాట్లాడుకున్నంత మా ఇంట్లో పెళ్ళిళ్ళప్పుడు కూడా మాట్లాడుకోం. చేసినవాటిని పొడి రవ్వ చల్లిన గుడ్డ మీద ఒకదానికొకటి తగలకుండా పరవండి, ఫ్యాను గాలికి కొంచెం ఆరితే మంచిదే.

2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశంలో యునెస్కో ఇటలీ వంటని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది, మన దీపావళి కూడా అప్పుడే చేరింది. చేర్చింది ఏదో ఒక వంటకాన్ని కాదు, కలిసి వండుకుని, ఉన్నది పారేయకుండా, పెద్దవాళ్ళ నుంచి పిల్లలకి చేరే ఆ అలవాటుని. చాప మీద కూర్చున్నప్పుడు మా పిల్లలకి ఈ సంగతి చెప్పాను.

వాళ్ళు పాస్తా మీద చల్లుకునే పార్మెజాన్ చీజ్ పొడి లేకపోయినా ఏమీ కాదు. దాని ధర ఒకటి, పైగా దాన్ని తోడుపెట్టడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, కాబట్టి శాకాహారులకి అడక్కుండా వేయకండి. దక్షిణాదిన చీజ్ కొనలేని ఇళ్ళల్లో పాత రొట్టెని పొడి చేసి నూనెలో వేయించి చల్లుకునేవాళ్ళు, నాకు అదే ఎక్కువ ఇష్టం. బ్రెడ్ ఎండబెట్టి పొడిచేసి, నలిపిన వెల్లుల్లి, కచ్చాపచ్చా ఎండుమిర్చితో కరకరలాడేలా వేయించండి. మా మామయ్య మొదటిసారి తిన్నప్పుడు “ఇదేందమ్మా, కారం మర్చిపోయినావా?” అన్నారు, ఈ పొడి చల్లాక రెండోసారి అడిగి వేయించుకున్నారు. కారం వేస్తే ఇటలీ వంట చెడిపోతుందని భయపడకండి, అక్కడ కలాబ్రియా వాళ్ళు మిరపకాయ లేనిదే ముద్ద ముట్టరు. టమాటా అయినా మిరప అయినా వాళ్ళకీ మనకీ అమెరికా ఖండం నుంచి వచ్చినవే. గరం మసాలా మాత్రం వద్దు, అది వేస్తే మన మటన్ కూరే అవుతుంది.

ఇటలీ వంటల్లో వాసన కోసం వేసే బాసిల్ ఆకు మీరూ వేయాలనుకుంటే, దాని బదులు తులసి వేయొద్దు, అది పూజ మొక్క, ఘాటు కూడా వేరు. కిరాణా కొట్లో సబ్జా గింజలు కొని కుండీలో చల్లండి, అది బాసిల్ జాతి మొక్కే, నెలా నెలన్నరలో ఆకులు కోసుకోవచ్చు.

శాకాహారులు ఉంటే గిన్నె, గరిటె వేరుగా పెట్టి, ఉత్త టమాటా గుజ్జు గంటసేపు ఉడికించి, నూనెలో వేయించిన వంకాయ ముక్కలు కలపండి. సిసిలీలో కటానియా వాళ్ళ పద్ధతి అది, వంకాయ తెలిసిన మనకి అంతకంటే చెప్పక్కర్లేదు.

పన్నెండున్నరకి నీళ్ళు పెట్టండి. లెక్క ప్రకారం వంద గ్రాములకి లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు, మన ఇళ్ళల్లో పది లీటర్ల నీళ్ళు ఒకేసారి కాగవు కాబట్టి మూడు వాయిలుగా ఉడికించండి. నీళ్ళు తెర్లుతున్నప్పుడు మన తీరం కల్లుప్పు వేసి, గవ్వలు వేసి వెంటనే ఒకసారి కలపండి. పైకి తేలాక ఒకటి నోట్లో వేసుకుని చూడండి, లోపల పచ్చి పిండి తగలకూడదు, పంటికి మాత్రం కొంచెం గట్టిగా తగలాలి. ఐదారు నిమిషాలు పడుతుంది. చిల్లుల గరిటెతో తీసి నేరుగా వెడల్పు బాండీలో వేడిగా ఉన్న గుజ్జులోకి వేసి, ఉడికించిన నీళ్ళు ఒక గరిటె పోసి నిమిషం కలపండి, అప్పుడే గుజ్జు గవ్వ గుంటల్లోకి దిగి పట్టుకుంటుంది. ఆ నీళ్ళు మొత్తం పారబోసేస్తే తర్వాత ఎన్ని మామూలు నీళ్ళు కలిపినా అలా రాదు.

ముందు గవ్వలు, పైన రొట్టె పొడి. అవి అయ్యాక ముక్కలు, పక్కన ఉల్లిపాయ, కీరా, నిమ్మరసం. తర్వాత పండు, ఆ తర్వాత మలై కాజా. పళ్ళెంలో మిగిలిన గుజ్జుని రొట్టె ముక్కతో తుడుచుకుని తినడాన్ని వాళ్ళు స్కార్పెత్త అంటారు, ‘చిన్న చెప్పు’ అని అర్థం, దీనికోసమే కొంచెం బ్రెడ్ దాచండి. పెద్దవాళ్ళు అన్నం అడిగితే పెట్టేయండి, ఆ గుజ్జు వేడన్నంలో కూడా బాగుంటుంది, అడిగించుకుని బతిమాలించుకోవద్దు.

గవ్వలు మిగిలితే సోమవారం పొద్దున నాలుగు గుడ్లు గిలకొట్టి వాటిలో కలిపి, పెనం మీద మందంగా పరిచి, మూత పెట్టి సన్న సెగ మీద రెండు వైపులా కాల్చండి. నేపుల్స్ వాళ్ళు మిగిలిన పాస్తాతో చేసుకుని ప్రయాణాలకి కట్టుకెళ్ళేది ఇదే. చల్లారాక ముక్కలు కోస్తే బాక్సులోకి సరిపోతుంది. అంచు ముక్క కరకరలాడుతుంది, మా ఇంట్లో అది మా అత్తది.