చెరువులో కయాక్ నేర్చుకుని ఒంటరిగా సముద్రానికి వెళ్తున్నారా?

మన వరంగల్, ములుగు చెరువుల్లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) నేర్చుకున్న పిల్లలు కొందరు విశాఖ వైపు చూస్తున్నారు. భీమిలి నుంచి తీరం వెంట ఒంటరిగా, రోజుకింత దూరం అని వెళ్లాలని వాళ్ల ఆశ. వెళ్లొద్దని నేను అనను. తుపాన్లు సద్దుమణిగే జనవరి, ఫిబ్రవరి నెలలు అందుకు మంచివే. అయితే చెరువు నేర్పిన ధీమా ఒకటుంది, దాన్ని మాత్రం ఇక్కడే వదిలి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి.

చెరువులో గాలి ఎటు కొట్టినా చివరికి ఏదో ఒక గట్టుకు చేరుస్తుంది. సముద్రంలో ఆ భరోసా లేదు. చలికాలం తెల్లవారుజామున గాలి తరచుగా నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డున ఉన్న చెట్లు, కొండలు దాన్ని అడ్డుకోవడంతో దగ్గరి నీళ్లు పాకాల చెరువులా నిమ్మళంగా కనిపిస్తాయి. కిలోమీటరు లోపలికి పోయాక గాలి బలం తెలుస్తుంది. అప్పటికి అది మిమ్మల్ని ఇంకా లోపలికే నెడుతుంటుంది. ఒంటరి మనిషికి ఇంతకు మించిన ప్రమాదం లేదని నా అభిప్రాయం. అందుకే అలలు విరిగే చోటు దాటగానే ఒకసారి వెనక్కి తిరిగి, ఒడ్డు వైపు తెడ్డు వేసి చూడండి. చేతులు బరువెక్కితే ఆ రోజుకు ఒడ్డెక్కేయండి.

పొద్దెక్కాక గాలి తిరిగి సముద్రం నుంచి వస్తుంది, మధ్యాహ్నానికి అలలు లేస్తాయి. తెల్లారగానే బయల్దేరి పదకొండు లోపు ఒడ్డెక్కాలి. సామానుతో గంటకు 5 కిలోమీటర్లు పోతామని లెక్కేసుకున్నా, మొదటి రోజులకు 15 కిలోమీటర్లు చాలు. నీళ్లు 5 లీటర్లు, ఓఆర్ఎస్ చేతికందేలా పెట్టుకోండి.

పడవ బోల్తా పడితే తిరిగి ఎక్కడం ఇంటి దగ్గరే నేర్చుకోవాలి. లక్నవరంలో అనుమతి తీసుకుని, పక్కన ఈత వచ్చిన మనిషిని పెట్టుకుని, సామాను నింపిన పడవతోనే సాధన చేయండి. హాయిగా ఉన్నప్పుడు కాదు, బాగా అలసిపోయాక చేయండి. నీళ్లు లోపలికి రాకుండా నడుముకు కట్టుకుని పడవ నోటికి బిగించే స్ప్రే స్కర్ట్ ముందు పట్టీ ఎప్పుడూ బయటికే ఉండాలి, తలకిందులుగా ఉన్నప్పుడు దాన్ని లాగితేనే బయటికి రాగలరు. లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. ఏమైనా సరే, పడవను మాత్రం వదలొద్దు. అది మామూలుగా మునగదు, వెతికేవాళ్లకు మీ తల కంటే ముందు కనిపిస్తుంది. సాధనలో పదే పదే తప్పుతుంటే ఈ ఏడాదికి తోడుతో వెళ్లండి.

ఒడ్డు చేరేటప్పుడు తొందరపడొద్దు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, బయటే ఆగి అవి పోనిచ్చి ఆఖరి దాని వెనకే రండి. పడిపోతే పడవకూ ఒడ్డుకూ మధ్య నిలబడొద్దు. నీళ్లు నిండిన పడవ వచ్చి కొడితే కాళ్లు విరుగుతాయి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) అలల ఎత్తు, గాలి అంచనాలు రోజూ ఇస్తుంది, ఉప్పెన ముప్పుంటే హెచ్చరిస్తుంది. గాలి లేకున్నా దూరం నుంచి వచ్చే పెద్ద అలల సంగతి కూడా అందులో ఉంటుంది. అది చూశాక ఆ ఊరి జాలర్లను అడగండి. వాళ్ల పడవలు ఒడ్డునే ఉంటే మీదీ ఒడ్డునే ఉండాలి. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం కాబట్టి ముందే మెరైన్ పోలీసులకు చెప్పి, ఆధార్ వెంట ఉంచుకుని, ఓడరేవుకూ నౌకాదళ స్థలాలకూ దూరంగా పోవాలి.

రోజూ బయల్దేరేముందు ఎక్కడ దిగేది, ఎన్నింటికి ఫోన్ చేసేది ఇంట్లో ఒకరికి రాసి పంపండి. ఆ టైం దాటి గంటైనా కాల్ రాకపోతే, మొహమాటపడకుండా కోస్ట్ గార్డ్ 1554కు, 112కు ఫోన్ చేయమని గట్టిగా చెప్పండి. మీరు అమ్మకు చెప్పాల్సింది అదే, ‘టెన్షన్ పడకు’ అన్న మాట కాదు.