పవర్ టూల్ వల్ల గాయమైతే తయారీదారుపై దావాకు సిద్ధమయ్యే పద్ధతి

పనిచేసే చోట గ్రైండరో కరెంటు రంపమో గాయపరిచినప్పుడు బాధితుడికి సాధారణంగా రెండు దారులుంటాయి. యజమాని ద్వారా అందే కార్మిక పరిహారానికి చాలా దేశాల్లో తప్పు ఎవరిదో నిరూపించనవసరం లేదు. తయారీదారుపై వేసే దావాలో మాత్రం పరికరంలో లోపం ఉందనీ, దానివల్లే గాయమైందనీ చూపాలి.

అందువల్ల అన్నిటికంటే ముందు ఆ పరికరాన్ని ప్రమాదం జరిగిన స్థితిలోనే భద్రపరచాలి. చిక్కేమిటంటే అది యజమాని సొత్తు. మీరు ఆసుపత్రిలో ఉండగానే దాన్ని బాగుచేయించి మళ్లీ పనిలో పెట్టేయవచ్చు. దాన్ని ఎవరూ తుడవకూడదనీ, విప్పకూడదనీ, స్విచ్ వేసి చూడకూడదనీ యాజమాన్యానికి వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి, ఆ లేఖ అందినట్టు సంతకం తీసుకోవాలి. పరీక్షిస్తామంటూ కంపెనీవారు అడిగినా, మీ తరఫు నిపుణుడు చూడకముందే అప్పగించడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. పగిలిన డిస్కు ముక్కలు, బ్యాటరీ, చేతి తొడుగులు, సూచనల పుస్తకం కూడా సాక్ష్యాలే. గార్డు (తిరిగే భాగానికి అడ్డుగా ఉండే రక్షణ కవచం) ఎక్కడుందో, స్విచ్ ఏ స్థితిలో ఉందో, సీరియల్ నంబరు ఉన్న రేకు మీద ఏముందో ఫొటోలు తీయించాలి.

లోపం మూడు రకాలుగా ఉండవచ్చు: ఆ ఒక్క పరికరం తయారీలో జరిగిన తప్పు, ఆ మోడల్ రూపకల్పనలోనే ఉన్న దోషం, హెచ్చరికలు చాలకపోవడం. 230 మిల్లీమీటర్ల కటింగ్ డిస్కుకు సాధారణంగా నిమిషానికి సుమారు 6,600 చుట్లే గరిష్ఠ వేగం. గార్డు తీసేసి, 11,000 చుట్లు తిరిగే చిన్న గ్రైండరుకు దాన్ని బిగిస్తే పగలడంలో వింత లేదు, అక్కడ తయారీదారుని తప్పుపట్టడం కష్టం. తగిన డిస్కే, గార్డు ఉండగానే పగిలితే కథ వేరు. గార్డు తీయకుండా పని సాగని విధంగా పరికరాన్ని తయారుచేసి ఉంటే, అది రూపకల్పన దోషమని వాదించే వీలుంది. కనుక గార్డు తీసిన సంగతిని న్యాయవాది దగ్గర దాచవద్దు. ఎదుటి పక్షం ముందుగా అడిగేది అదే.

తయారీదారు అజాగ్రత్తను నిరూపించనక్కరలేకుండా లోపం ఆధారంగానే బాధ్యుణ్ని చేయవచ్చనే సూత్రాన్ని 1963లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు స్థాపించింది. యాదృచ్ఛికమే అయినా, ఆ కేసు కూడా ఒక పవర్ టూల్‌దే: దాన్ని లేత్‌గా (చెక్కను తిప్పుతూ చెక్కే యంత్రంగా) వాడుతుండగా చెక్క ఎగిరి వాడుతున్న వ్యక్తి నుదుటికి తగిలింది. ఫిర్యాదు ఆలస్యంగా చేశాడన్న తయారీదారు వాదన అక్కడ నిలవలేదు.

దావా వేసే గడువుకు మాత్రం అలాంటి ఉదారత ఉండదు. ఐరోపా సమాఖ్యలో లోపమున్న వస్తువుల బాధ్యతపై 1985 నాటి ఆదేశం ప్రకారం నష్టం, లోపం, తయారీదారు ఎవరన్నది తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు గడువు. పరికరం మార్కెట్లోకి వచ్చి 10 ఏళ్లు దాటితే హక్కే ఉండదు. మీ చోట గడువెంతో మొదటి వారంలోనే కనుక్కోండి. పాత పరికరమైతే రేకు మీది తయారీ తేదీని, కొనుగోలు రసీదును ముందుగా చూడాలి. ఒకవేళ దావాలో సొమ్ము వస్తే, అప్పటికే కార్మిక పరిహారం చెల్లించిన బీమా సంస్థ తన వాటాను అందులోంచి తిరిగి అడిగే అవకాశం ఉంది కనుక, రాజీపత్రంపై సంతకం చేసేముందు ఆ లెక్క తేల్చుకోవాలి.