నెల్లూరు జిల్లా ఉదయగిరి కోట ఎక్కే ముందు జాగ్రత్తలు

- కొండమీద అంగడి ఉండదు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాల్సిందే. ఎండాకాలంలో అసలు వెళ్లకపోవడమే మేలు, రాయి కూడా కాలిపోతుంటుంది.
- తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి. ఒంటరిగా వద్దు, దారి తెలిసిన ఊరివాళ్లను వెంట తీసుకెళ్లండి.
- బూట్లు వేసుకోండి. బండల సందుల్లో చేయి పెట్టొద్దు.
- పాత గోడలెక్కి ఫోటోలు దిగొద్దు. ఒడిశాను ఏలిన గజపతుల చేతిలోని ఈ దుర్గాన్ని గెలవడానికి శ్రీకృష్ణదేవరాయలకే ఏడాదికి పైగా పట్టింది; 1514లో లొంగింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తన రాజధాని విజయనగరానికి (నేటి హంపి) తీసుకెళ్లి, అక్కడ గుడి కట్టించాడు. ఇంత చరిత్ర చూసిన రాళ్లమీద పేర్లు చెక్కుతుంటే కడుపు మండుతుంది. దయచేసి చెక్కొద్దు, మీ పిల్లల్నీ చెక్కనీయొద్దు.
- ఎండుగడ్డి దగ్గర నిప్పు వద్దు.
- చీకటి పడకముందే దిగిపోండి.