పడవ ఆగినా ఆగని టూరు

వానాకాలంలో గోదావరి డెల్టా టూరు గైడుకు పని పోయేది వానవల్ల కాదు. ప్యాకేజీ మొత్తం పడవకు ముడిపెట్టడం వల్ల. వరదొస్తే పడవలు ఆపేస్తారు, టూరుకొచ్చే పార్టీ డబ్బు వెనక్కి అడుగుతుంది. పడవ తీసేసి కారు రూటు కట్టాక రద్దులు బాగా తగ్గాయి.

పొద్దున్నే ధవళేశ్వరంలో కాటన్ దొర మ్యూజియం, తర్వాత బ్యారేజీ. గేట్లెత్తిన ఎర్రనీళ్లు వేసవిలో కనపడవు, ఈ కాలానికి అదే సరుకు. బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం, ఆపైన ర్యాలి ఊళ్లో గుడి. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి ర్యాలి ముందు చూపించి, పూతరేకులకు ఆత్రేయపురం వెనక్కి రావడమే మేలు.

పూతరేకుల ఇంటికి ముందే చెప్పి ఉంచాలి, పొయ్యి ఆరాక వెళితే చూసేదేం లేదు. బోర్లించిన కుండ బాగా కాగాక, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కసారి పరుస్తారు. క్షణాల్లో రేకు లేచొస్తుంది. ముసురులో రేకు చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, కొన్నవాళ్లకు గాలి చొరని డబ్బా ఇప్పించండి.

రోజూ భద్రాచలం నీటిమట్టం చూడాలి. అక్కడ 43 అడుగులు మొదటి హెచ్చరిక, ధవళేశ్వరంలో 11.75. పైన పెరిగిన నీరు కిందికి దిగడానికి వ్యవధి ఉంటుంది, ఆ లోపే పార్టీకి ఫోన్ కొట్టాలి. ధవళేశ్వరంలో 13.75 దాటితే లంకల (నది మధ్య దీవుల) వైపు రూటు పెట్టొద్దు, కాజ్‌వేలు మునుగుతాయి. అడ్వాన్సు వెనక్కివ్వకుండా తేదీ మార్చుకోమనండి, చాలామంది సరేనంటారు.